సాంచాల కాడి మాట

బాపు సోమవారం పొద్దున భివండికి రైలెక్కాలి. ఆయన్ని నేను ఆదివారం మధ్యాహ్నం బొమ్మల ప్రదర్శనకు తీసుకెళ్ళాను. వెళ్ళిపోయే మనిషికి ఇంటిపట్టున కమ్మగా వండిపెట్టాల్సింది పోయి ఇదేం పిచ్చి అని మా ఆయన అడిగాడు. అడిగి, జవాబు కోసం ఆగకుండా జోల్వాలో మిల్లు డ్యూటీకి వెళ్ళిపోయాడు.

నేను సూరత్‌లో ఒక చీరల కంపెనీలో కంప్యూటర్ మీద ప్రింటు డిజైన్లు వేస్తాను. గులాబీలు, మామిడి పిందెలు, నెమళ్ళు, మళ్ళీ గులాబీలు. ఫ్రాన్సు దేశంలో ఎప్పుడో బతికిన ఇంప్రెషనిస్టు చిత్రకారుల బొమ్మల్ని డుమస్ రోడ్డు మీద ఒక పెద్ద హాల్లో నాలుగు గోడల నిండా, నేల నిండా ప్రొజెక్టర్లతో వేసి చూపిస్తున్నారు. వచ్చే సీజన్‌లో ఆ మసక రంగుల పూలే నడుస్తాయని మా సేటుకు ఎవరో చెప్పారట. "జాకే రంగ్ దేఖ్ ఆవో", పోయి ఆ రంగులు చూసి రా అంటూ మూడు పాసులు నా బల్ల మీద పడేశాడు. మా ఆయనకు సెలవు లేదు కాబట్టి ఒక పాసు మిగిలింది. "తాత వస్తడు" అని మా అమ్మాయి తేల్చేసింది. ఎనిమిదేళ్ళ పిల్ల, మా ఇంట్లో తీర్పులన్నీ దానివే.

నిజం చెప్పాలంటే ఆ చివరి ఆదివారం ఆయన ఎదురుగా ఇంట్లో కూర్చోవడం నా వల్ల కాలేదు. అందుకే వెళ్ళాను.

మా అమ్మ పోయిన ఎండాకాలం చనిపోయింది. ఆ తర్వాత బాపును మా ఇంటికి తెచ్చుకున్నాం. తెచ్చుకున్న రోజు నుంచీ ఆయన మాట్లాడటం మానేశాడు. ఒకప్పుడు ఆయన నోరు తెరిస్తే గల్లీ చివరి పాన్ డబ్బా దాకా వినపడేది. చెవులు పోయిన మనిషి కదా, తన గొంతు ఎంత పెద్దదో తనకు తెలియదు. అలాంటి మనిషి అన్నం పెడితే తినేవాడు, లేకపోతే లేదు. గోడ వైపు తిరిగి పడుకునేవాడు.

ఆయన చెవులు సాంచాలు తిన్నాయి. మరమగ్గాల్ని మా వాళ్ళు సాంచాలంటారు. పెళ్ళయిన కొత్తలో సిరిసిల్ల వైపు నుంచి సూరత్ వచ్చి, నడుం వంగేదాకా బాపు వాటి మధ్యే నిలబడ్డాడు. రేకుల షెడ్డులో వరసలు వరసలుగా సాంచాలన్నీ ఒకేసారి కొట్టుకుంటుంటే పక్కవాడి చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు. చిన్నప్పుడు ఒకసారి లోపలికి పోయి వస్తే నాకు సాయంత్రం దాకా చెవుల్లో అదే మోత. బాపుకు ఆ మోత ఇక పోనే లేదు, దానితో పాటు మిగతావన్నీ పోయాయి. చెవి మిషన్ కొనిపెట్టాం. రెండు రోజులు పెట్టుకుని, తీసి తంబాకు డబ్బాలో వేసి మూతపెట్టాడు.

ఇక మిగిలింది అరుపులే. నాకు పుట్టుకతోనే గొంతు పెద్దది, ఓపిక చిన్నది. "బాపూ! అన్నం! తింటవా!" అని నేను వంటింట్లోంచి వచ్చి ఆయన మొహం మీదికి వంగి అరిచేదాన్ని. మా ఆయన అరిచేవాడు. పిల్ల కూడా నేర్చుకుంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని సామెత చెప్తారు గానీ, ఆ ఊదేవాడి తిప్పలు ఎవరూ చెప్పరు. నా గొంతు బొంగురుపోయింది. పక్కింటి గుజరాతీ ఆవిడ రోజూ గొడవేమిటని ఒకసారి మర్యాదగానే అడిగింది.

ఒకరోజు భోజనం చేసి చెయ్యి కడుక్కుని బాపు అన్నాడు. "నన్ను తమ్ముని కాడికి తోలియ్యి. భివండిల ఉంట."

అన్ని నెలల్లో ఆయన మాట్లాడిన పెద్ద మాట అదే. మా బాబాయి కూడా సాంచాల మనిషే, భివండిలో కొడుకు దగ్గర ఉంటాడు. రెండు గదుల ఇల్లు, దాని నిండా మనుషులు. అక్కడ ఈయనకు కాళ్ళు చాపుకునే చోటు కూడా ఉండదు. "ఎందుకు పోవుడు? ఇక్కడ నీకేం తక్కువైంది? ఉండు!" అని అరిచాను. నరాలు తెగేలా అరిచాను. ఆయన ఇంకాస్త ముడుచుకుపోయి సంచీ సర్దుకోవడం మొదలుపెట్టాడు. అల్లుడి ఇంట్లో ఉండటానికి పెద్దాయనకు మొహమాటం, పోనీలే అన్నాడు మా ఆయన. నాకు మాత్రం నేను అక్కర్లేదన్నట్టే అనిపించింది. వంటింట్లోకి పోయి ఏడ్చాను, ఏడుస్తూ కోపంతో నాలుగు గిన్నెలు ఎత్తిపడేశాను. ఆ చప్పుడు కూడా ఆయనకు వినపడలేదు.

ఇదీ మేము ముగ్గురం ఆటో ఎక్కేసరికి ఉన్న పరిస్థితి.

హాలు లోపల చీకటి. మధ్య మధ్యలో వీపు ఆనించుకోవడానికి వీల్లేని బెంచీలు. పాటలు లేని సంగీతం ఒకటి పెద్దగా మోగుతోంది. గోడల నిండా చెరువు. చెరువు మీద కలువలు, కలువల మీద ఆకాశం. అన్నీ కదులుతున్నాయి. నేల మీద కూడా నీళ్ళు పారుతుంటే పిల్ల చెప్పులు విప్పి అందులో గంతులేసింది. జనం బొమ్మల వైపు వీపులు పెట్టి, చేతులు చాచి తమ ఫోటోలు తామే తీసుకుంటున్నారు. కొత్త పెళ్ళికూతురొకతె కలువల మధ్య పడుకుని ఫోజు పెట్టింది, మొగుడు ఫోన్ పట్టుకుని నేల మీద పాకుతున్నాడు. నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. పాపం ఈ కలువల బొమ్మ గీసిన పెద్దమనిషి ఎండలో వానలో చెరువు గట్టున కూర్చుని వేసింది ఇందుకా అనుకున్నాను. కానీ ఆ రంగులు మాత్రం, అబద్ధమెందుకు, గుండెకు తగిలాయి. నేను కంప్యూటర్‌లో ఒక ఆకుపచ్చ తీసుకుని ఆకు మొత్తం అదే పూస్తాను. ఆయన ఆకుపచ్చలో ఊదా ఉంది, పసుపుంది, ఎక్కడో గులాబీ కూడా ఉంది.

బాపును ఒక బెంచీ మీద కూర్చోబెట్టాను. ఆయన బొమ్మలు చూస్తున్నాడో లేదో తెలియలేదు. అరచెయ్యి బెంచీ చెక్క మీద ఆనించి ఉంచాడు. స్పీకర్ల దెబ్బకు ఆ చెక్క సన్నగా అదురుతోంది. సాంచా సరిగా నడుస్తోందా లేదా అని చెయ్యి పెట్టి చూసే పాత అలవాటు అది. చాలా రోజుల తర్వాత ఆయన మొహం కాస్త తేలిగ్గా కనిపించింది. సరేలే, కూర్చోనీ అనుకుని పిల్ల ఫోటో తియ్యడానికి రెండడుగులు పక్కకు జరిగాను.

అప్పుడే ఆట ఒక చుట్టు పూర్తయింది. ప్రొజెక్టర్లన్నీ ఆరిపోయాయి. సంగీతం టక్కున ఆగింది. హాలంతా కటిక చీకటి, నిశ్శబ్దం. కాసేపటికి మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుందని బయట బోర్డు మీద రాశారు, నేను చదివాను. బాపు చదవలేదు.

వెలుగు మళ్ళీ వచ్చి చూస్తే బెంచీ ఖాళీ.

చెవులు వినపడని మనిషి, పేరు పెట్టి పిలిచినా తిరగడు. జేబులో ఫోన్ ఉన్నా మోగితే తెలియదు. పిల్ల చెయ్యి పట్టుకుని జనాన్ని తోసుకుంటూ గుమ్మం దాకా పోయాను, కాపలా అతన్ని అడిగాను. తెల్ల పైజమా, గళ్ళ చొక్కా, ముసలాయన అన్నాను. ఎవరూ బయటికి పోలేదన్నాడు. పిల్ల ఏడుపు మొహం పెట్టింది. ఇంతలో గోడల మీద గడ్డివాములు వచ్చాయి. పంట కోసిన పొలం, దాని మీద పచ్చటి ఎండ. హాలు మొత్తం పట్టపగలయింది. ఆ వెలుగులో చూశాను, అటు చివర గోడకు ఆనుకుని బాపు నిలబడి ఉన్నాడు.

"బాపూ!" అని అరిచాను.

నా వెనక సంగీతం, ముందు జనం. చుట్టూ ఉన్నవాళ్ళు చిరాగ్గా తిరిగి చూశారు. బాపు కళ్ళు కూడా అప్పుడే నా మీద పడ్డాయి. అరుస్తున్న నన్ను అంత దూరం నుంచి చూసి ఆయన తల దించుకున్నాడు. తప్పు చేసి దొరికిపోయిన మనిషి తల దించుకున్నట్టు. రోజూ అన్నం దగ్గర ఆయన మొహంలో ఉండేది అదే. దగ్గరగా వంగి అరవడం వల్ల నాకు ఎప్పుడూ సరిగా కనపడలేదు, దూరం నుంచి కనపడింది.

నా నోరు మూతపడింది. అప్పుడు అమ్మ గుర్తొచ్చింది.

అమ్మ అదే షెడ్డులో ఒక మూల కూర్చుని కండెలకు దారం చుట్టేది. బాపు ఎక్కడో నాలుగైదు వరసల అవతల. అమ్మ గడ్డం ఎత్తి చూసేది, బాపు ఇటు చూసేవాడు. అమ్మ పెదాలు కదిలేవి. గొంతు ఉండేది కాదు. బాపు పెదాలు కదిలేవి. అమ్మ నవ్వి మళ్ళీ దారం అందుకునేది. అక్కడ పనిచేసే వాళ్ళందరికీ ఆ మాట వచ్చు. దానికి పేరేమీ లేదు. ఇంట్లో కూడా వాళ్ళిద్దరూ అట్లాగే మాట్లాడుకునేవాళ్ళు, అమ్మ పొయ్యి దగ్గర, బాపు గుమ్మంలో. చప్పుడు లేదు కాబట్టి మాటలే లేవనుకునేదాన్ని నేను. మా అమ్మానాన్నలకు ఒకరంటే ఒకరికి పడదేమో అని చాలా ఏళ్ళు బెంగపడ్డాను కూడా. మాకేం కావాలన్నా "అవ్వా, బాపుకు చెప్పు" అనడమే. అమ్మ చెప్పేది, పని అయిపోయేది. ఆమె ఎలా చెప్తోందో ఎవరు చూడొచ్చారు? అమ్మ ఒక్కరోజు కూడా ఆయన మీద గొంతు పెంచలేదు.

బాపు మళ్ళీ తలెత్తేదాకా ఆగాను. గడ్డం కొంచెం ఎత్తాను, అమ్మలా. గొంతు లేకుండా, పెదాలు విప్పి, మెల్లగా అన్నాను.

"బాపూ. గీడ ఉన్న."

ఆయన కళ్ళు చిట్లించాడు. గోడకు ఆనిన వీపు నిటారుగా అయింది. ఆ తర్వాత ఆయన పెదాలు కదిలాయి.

"కరెంటు వొయిందనుకున్న."

నాకు నవ్వాగలేదు. ఖాతాలో, అదే సాంచాల షెడ్డులో, కరెంటు పోతే సాంచాలన్నీ ఒక్కసారి ఆగుతాయి. కాళ్ళ కింద నేల అదరడం ఆగుతుంది. ఆగిందంటే మనుషులు లేచి బయట అరుగు మీదికి రావలసిందే. బీడీలు వెలిగేది, చాయ్ తాగేది అప్పుడే. ఇక్కడ బెంచీ అదరడం ఆగింది, లైట్లు ఆరాయి, బాపు లేచి అరుగు వెతుక్కుంటూ పోయాడు.

"పోలే," అన్నాను. "మల్ల షురూ అయింది."

"ఎరికైంది. అందరు కూసునే ఉన్నరు. సిగ్గయి ఈడ్నే నిలవడ్డ."

"ఆడనే ఉండు. వస్తున్న."

ఆయన అరచెయ్యి ఎత్తాడు. "ఆగు. జర సేపు గిట్లనే మాట్లాడు."

"ఏం మాట్లాడాలె?"

"ఏదన్న."

మా ఇద్దరి మధ్య హాలు హాలంతా ఉంది. సంగీతం హోరెత్తుతోంది, జనం పక్కవాళ్ళ చెవుల్లో అరుచుకుంటున్నారు. నేనూ బాపూ మాత్రం ఇంట్లో పీట మీద కూర్చున్నంత హాయిగా మాట్లాడుకున్నాం. గడ్డివాములు పోయి నది వచ్చింది, పడవలొచ్చాయి. ఎట్లున్నయి బొమ్మలు అని అడిగాను. "రంగు కారింది. గీ మాల్ మా సేటు పాస్ చెయ్యడు," అన్నాడు. మా సేటు ఇదే కావాలంటున్నాడని చెప్పాను. "వానికి కండ్లు వొయినట్టున్నయి," అన్నాడు. మా అమ్మాయి నా కొంగు లాగి, "మమ్మీ, ఆప్‌కీ ఆవాజ్ బంద్ హో గయీ క్యా?" అని భయంగా అడిగింది. లేదు, గొంతు బాగానే ఉంది, తాతతో మాట్లాడుతున్నానని చెప్పాను. అది నా మొహం, తాత మొహం మార్చి మార్చి చూసింది.

గొడుగు పట్టుకున్న ఒక ఆవిడ గోడ మీద గడ్డిలో నడిచి వచ్చింది. ఆమె మొహం సరిగా లేదు, రెండు మూడు గీతలంతే. బాపు ఆమెను కాసేపు చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"నువ్వు తిట్టకుంట మాట్లాడితే నీ నోరు మీ అవ్వ లెక్కనే ఉంటది."

"నేనెప్పుడు తిట్టిన?"

"దినాం తిడుతనే ఉంటివి గద. మొకం ఎర్రగ జేస్కొని."

"తిట్టలే బాపూ," అన్నాను. నా పెదాలు వణికాయి, అర్థమయిందో లేదో అని మళ్ళీ అన్నాను. "తిట్టలే. అన్నం తింటవా అన్న."

ఆయన గోడ వదిలి ఒక అడుగు ముందుకు వేశాడు.

"గదేనా?"

"గదే."

గొంతెత్తి అరిచినప్పుడు పెదాలు పెదాల్లా ఉండవు. నోరు కుండ మూతిలా తెరుచుకుని అక్కడే ఉంటుంది. అందులో అన్నమూ ఉండదు, నీళ్ళూ ఉండవు, ఉండుమన్న మాటా ఉండదు. మొహంలో కోపం ఒక్కటే మిగులుతుంది. కూతురు పొద్దున, మధ్యాహ్నం, రాత్రి తన మొహం మీదికి వంగి తిడుతోందని, అల్లుడు తిడుతున్నాడని, పసిపిల్ల కూడా తిడుతోందని ఆయన అన్ని నెలలు అనుకున్నాడు. అనుకుని, మాకు భారమయ్యానని భివండి పోతానన్నాడు. గోటితో పోయేదానికి గొడ్డలి వాడటమంటే ఇదే. జనాన్ని తోసుకుంటూ పోయి ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఆ చెయ్యి వెచ్చగా, గరుకుగా ఉంది. నేను ఏడుస్తున్నానని ఒక అమ్మాయి తన ఫోటోలోంచి పక్కకు జరగమంది.

పోకు అని అక్కడే అనాల్సింది. నోటి దాకా వచ్చింది కూడా. అనలేకపోయాను. సంచీ కట్టేసి గుమ్మం పక్కన పెట్టుకున్నాడు, బాబాయి స్టేషన్‌కు వస్తానన్నాడు. అన్నీ అయ్యాక ఇప్పుడు అడిగితే కాదంటాడేమో. ఇంతకాలం ఆయన మనసులో ఏముందో నాకు సరిగా తెలియదని సర్దిచెప్పుకున్నాను. ఇప్పుడు కాదంటే బాగా తెలిసిపోతుంది.

డుమస్ సముద్రతీరం దగ్గరే కదా అని ఆటోవాణ్ణి అటు పోనిమ్మన్నాను. ఆదివారం సాయంత్రం, జనం చీమల్లా ఉన్నారు. బండి దగ్గర టమాటా భజియాలు నూనెలో దిగుతున్నాయి, పొగ మా వైపే కొడుతోంది. నేను లైన్లో నిలబడ్డాను. బాపు, పిల్ల కొంచెం అవతల బల్ల మీద ఎదురెదురుగా కూర్చున్నారు. పిల్ల ఏదో చెప్తోంది. చప్పుడు రావడం లేదు, నోరు మాత్రం ఆడుతోంది. బాపు మెడ ముందుకు చాచి చూస్తున్నాడు. "ఏందీ?" అన్నాడు. అది మళ్ళీ అంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. దానికి విసుగొచ్చి నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

"మమ్మీ, తాతకు సమజ్ అయితలేదు."

"నువ్వు హిందీల అంటున్నవా?"

"హా."

"నోరు చూసి తెలుసుకునుడు తాతకు తెలుగులనే అలవాటు. తెలుగుల చెప్పు."

అది ఒక్క క్షణం ఆలోచించింది. "మత్ జావో అంటే తెలుగుల ఏమనాలె?"

లైన్లో నా వంతు వచ్చింది. భజియా అతను ఎన్ని ప్లేట్లని అడుగుతున్నాడు. నేను పిల్ల ముందు వంగి, గొంతు లేకుండా, పెదాలతో చెప్పాను. అది నా నోరు చూసి తన నోరు అట్లాగే పెట్టుకుని, మళ్ళీ మారిపోతుందేమో అన్నట్టు మూతి బిగబట్టి పరిగెత్తింది.

తాత ముందు నిలబడింది. గడ్డం ఎత్తింది. అది నేను నేర్పలేదు, హాల్లో నన్ను చూసి పట్టేసింది.

"పోకు."

బాపు చూశాడు. పిల్లకు అనుమానం వచ్చి మళ్ళీ అంది. పోకు. ఇంకా మెల్లగా మళ్ళీ అంది. పోకు. మళ్ళీ నోరు తెరవబోతుంటే ఆయన దాని రెండు బుగ్గలూ చేతుల్లోకి తీసుకున్నాడు. ఏడాదిగా మేము మరిచిపోయిన ఆ షెడ్డు గొంతుతో, సముద్రం మోతను దాటి వినపడేలా అన్నాడు.

"ఇన్న బిడ్డా! ఒక్కపారి అంటె సాలు. ఏడికి పోత, పోను!"

భజియాల లైన్లో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు.